కారునకు క్రొత్త మెదడు నమర్చుట: ఒక పాఠము

తెలుగు పాఠము చెప్పుకొను వారికి మోటారు యంత్రములతో ఏమి పని యని సంచిక సంపాదకవర్గములోని మిత్రులొకరు మమ్ము నడిగిరి. ప్రశ్న న్యాయమైనదే. మేము కావ్యములు చదివి పట్టము పుచ్చుకొన్న వారమేగాని స్పానరు పట్టిన వారము కాము. అయినను ఈ వ్యాసమునకు కారకుడు మా పూర్వవిద్యార్థి యొకడు. అతడు మా కళాశాలలో ఇంటర్మీడియట్ చదివి, పిదప ఐ.టి.ఐ.లో చేరి, ఇప్పుడు వడమాలపేటలో తిరుపతి నుండి పుత్తూరు పోవు రోడ్డు ప్రక్కన ఆటో ఎలక్ట్రికల్ షెడ్డు నడుపుకొనుచున్నాడు. ఒకనాడు మే మటుపోవుచు ఆగినప్పుడు అతడు నూనె చేతులు తుడుచుకొని, మూడువందల పుటల ఇంగ్లీషు పుస్తక మొకటి తెచ్చి మా ముందుంచెను. “సార్, చంపకమాల గణాలు ఎట్ల గుర్తుపెట్టుకోవాలో మీరు చెప్పింది ఇప్పటికీ మర్చిపోలేదు. దీంట్లో ఉండేది కూడా అట్ల తెలుగులో చెప్పేవాళ్ళు ఒకరుంటే మా యట్లాంటోళ్ళకు అన్నం దొరుకుతుంది సార్” అనెను. ఆ మాట మా మనస్సున నాటుకొన్నది. అతడు పని చూపుచుండగా మేము వ్రాసికొన్నదే ఈ పాఠము.

ఆనాడు షెడ్డులో నిలిచియున్న బండి ఒక డీజిలు టాక్సీ. దాని యజమాని ఉద్యోగవిరమణ చేసిన పెద్దమనిషి; వచ్చిన సొమ్మునకు బ్యాంకు అప్పు కలిపి కారు కొని, తిరుపతికిని చెన్నైకిని నడుమ యాత్రికులను త్రిప్పుకొని బ్రతుకుచున్నాడు. 2021 నవంబరులో తిరుపతిని ముంచిన వరద మన ప్రాంతమువారికి గుర్తుండే యుండును. కపిలతీర్థము పొంగి, స్వర్ణముఖి కట్టలు దాటి, వీధులలో నిలిచిన వాహనములు నీట మునిగిన దినములవి. ఈ కారు కూడ సీట్ల వరకు మునిగినది. ఆరబెట్టి, నూనెలు మార్చి, నడిపించిరి; కొన్ని నెలలు నడిచినది. మరుసటి వేసవిలో ఒక ఉదయము స్టార్టరు తిరుగుచున్నను ఇంజను అందుకొనలేదు. పట్నములోని ఒక దుకాణమువారు “కంప్యూటరు పోయింది” అని చెప్పి, మరియొక కారునుండి తీసిన పాత పెట్టెను అమ్మిరి. దానిని తగిలింపగా ఇంజను ఒక్క క్షణము గర్జించి ఆగిపోయినది. మరల త్రిప్పగా మరల అంతే. మీటర్ల పలకమీద తాళపుచెవి బొమ్మగల చిన్న దీపము మినుకుమినుకుమనుచు నుండెను. ఈ స్థితిలో, తాడు కట్టి లాగుకొని, ఆ కారు వడమాలపేట చేరినది. అప్పటికే బ్యాంకు కంతు ఒకటి దాటిపోయినది.

ఆ పెట్టె యెట్టిదో ముందు తెలిసికొందము. ఇంజను కంట్రోలు మాడ్యూలు, అనగా మెకానిక్కులు ఇ.సి.యం. అని పిలుచు నది, అల్యూమినియపు తొడుగులో నున్న చిన్న కంప్యూటరు. పూర్వము కార్బురేటరు గాలితో పెట్రోలును తన సన్నని రంధ్రముల కొలది కలిపెడిది. ఆ పనిని ఎలక్ట్రానిక్ పద్ధతిలో చేయు డి-జెట్రానిక్ అను ఏర్పాటును జర్మనీకి చెందిన బాష్ కంపెనీ 1967లో తెచ్చినది. ఇంధనమును, నిప్పురవ్వ సమయమును ఒకే పెట్టె నిర్ణయించు మోట్రానిక్ 1979లో వచ్చినది. మన దేశమున 2000 సంవత్సరమునుండి పొగ నియమములు కఠినమైన కొలదిని కార్బురేటరు కార్లు తయారగుట నిలిచిపోయినది. 2020 ఏప్రిల్ నుండి భారత్ స్టేజి ఆరు నియమములు వచ్చుటతో మన విద్యార్థులు నడుపు మోటారు సైకిళ్ళలో కూడ ఇట్టి పెట్టెయే చేరినది.

పెట్టె లోపల నున్నది ముఖ్యముగా ఎక్కముల పట్టీ యనిన ఆశ్చర్యపడవలదు. ఒక వరుసలో ఇంజను వేగము, మరియొక వరుసలో దానిపై బరువు. రెండును కలిసిన గడిలో ఎంత ఇంధనము, ఏ క్షణమున చిమ్మవలెనో వ్రాసియుండును. క్రాంకు సెన్సారు వేగమును, నీటి సెన్సారు వేడిని, గాలి సెన్సారు గాలి కొలతను చెప్పుచుండగా పెట్టె తన పట్టీ చూచుకొని ఇంజెక్టర్లకు ఆజ్ఞ యిచ్చును. ఇంతవరకు ఏ కారునకైనను ఒక్కటే. అయితే ఆ పట్టీతో పాటు ఆ ఒక్క కారునకు మాత్రమే సంబంధించిన సంగతులు కూడ దానిలో నుండును: పదునేడు అక్షరముల ఛాసిస్ సంఖ్య, గేరుపెట్టె యెట్టిది, ఏ.సి. కలదా లేదా, తాళపుచెవుల రహస్యము, ఇన్నేండ్ల నడకలో ఇంజను అరుగుదలకు తగినట్లు తాను నేర్చికొన్న సవరణలు. కాబట్టి పెట్టెను మార్చుట బల్బును మార్చుట వంటిది కాదు. కచేరీలో పాత గుమాస్తా బదిలీయై క్రొత్తవాడు వచ్చి కుర్చీలో కూర్చున్నంత మాత్రాన పని సాగదు గదా! రిజిస్టర్లు అప్పగింపవలెను, బీరువా తాళము లీయవలెను, ఊరివారిని పరిచయము చేయవలెను. ఆ దుకాణమువారు కుర్చీలో మనిషిని కూర్చుండబెట్టి పంపివేసిరి.

ఇక పాఠములోని మొదటి మెట్టు, మా విద్యార్థి మాటలలో “చచ్చిందా లేదా చూడకుండా పాడె కట్టకూడదు.” ఇ.సి.యం. పోయినదని పలికిన పెట్టెలలో అనేకములు పోనివే. కరెంటు అందని పెట్టె కూడ చచ్చినదానివలెనే కనపడును. తాళము త్రిప్పగానే ఇంజను దీపము వెలుగవలెను. వెలుగనిచో ముందు ఫ్యూజులను, మెయిన్ రిలేను చూడవలెను. పిదప పెట్టె కనెక్టరు వద్దనే కరెంటును, ఎర్తును పరీక్షింపవలెను. ఇచ్చట చాలమంది పొరబడుదురు. పదిపోగుల తీగలో తొమ్మిది కుళ్ళి ఒకటి మిగిలినను మల్టీమీటరు పన్నెండు వోల్టులు చూపించును. కాని ఆ ఒక్క పోగు పని చేయుటకు చాలినంత కరెంటును మోయలేదు. అందుచేత చిన్న బల్బు కట్టిన టెస్టు ల్యాంపుతో పరీక్షించుట మేలు. బల్బు మసకగా వెలిగెనా, దోషము తీగలోనిదే. ఎర్తు తీగలో పని జరుగునప్పుడు జారిపోవు వోల్టేజి సాధారణముగా 0.1 వోల్టు మించరాదు.

సెన్సార్లకు పెట్టె అయిదు వోల్టుల కరెంటు పంపును. ఏదో యొక సెన్సారు లోపల షార్టయినచో ఆ అయిదు వోల్టులు కూలి, పెట్టెయే మూగవోయినట్లు తోచును. సెన్సార్ల ప్లగ్గులను ఒక్కొక్కటిగా ఊడదీయుచు చూచిన, ఏది ఊడినప్పుడు అయిదు వోల్టులు మరల లేచునో అదియే దొంగ. స్టీరింగు క్రింది పదునారు పిన్నుల సాకెట్టునకు స్కానరు తగిలించిన పి 0642 అను సంకేతము ఈ సంగతినే చెప్పును. పి 0606 వచ్చినచో పెట్టెలోని ప్రాసెసరుపై అనుమానపడవచ్చును. యు 0100 అనగా ఇతర మాడ్యూళ్ళు ఇ.సి.యం.తో మాట్లాడజాలకున్నవని అర్థము. అది చచ్చినదని కాదు, మాట తెగినదని మాత్రమే. ఆ మాట నడచు జంట తీగను క్యాన్ అందురు. 1986లో బాష్ వారే దానిని లోకమునకు ప్రకటించిరి. బ్యాటరీ విప్పి, సాకెట్టులోని 6వ, 14వ పిన్నుల నడుమ ఓములు కొలిచిన చాల బండ్లలో సుమారు 60 రావలెను. 120 వచ్చినచో రెండు చివరలలో ఒక చివర తెగినదన్న మాట. సంకేతమును చదువుట వేరు, దాని భావమును గ్రహించుట వేరు. పద్యమునకు ప్రతిపదార్థము వ్రాసి తాత్పర్యము విడిచిన విద్యార్థికి మేము మార్కులు తగ్గింతుము. షెడ్డులో అదే తప్పునకు యజమాని వేలకు వేలు చెల్లించుచున్నాడు.

మా పూర్వవిద్యార్థి ఆ టాక్సీ పాత పెట్టెను తెప్పించి, దాని కనెక్టరును వెలుతురులో పట్టి చూపెను. ఎర్తు పిన్ను ఒకటి పచ్చని చిలుముపట్టి, ముట్టుకొనగానే రాలినది. వరదనీరు తీగల లోపల దీపపు వత్తిలో నూనె పాకినట్లు పాకి, నెలల తరబడి రాగిని తినినది. ఆ కొనను కోసి క్రొత్త టెర్మినల్ బిగించి, పాత పెట్టెను తగిలించి తాళము త్రిప్పగా ఇంజను ఏమియు జరుగనట్లు నడువసాగెను. పెద్దాయన కొంతసేపు మాటాడలేదు. పిదప “అయితే నాయనా, ఆ డబ్బాకు పెట్టిన దుడ్లు?” అని మాత్రము అడిగెను. దానికి జవాబు ఎవరివద్దను లేదు.

కథ అంతటితో ముగిసిన ఈ పాఠము సగములో నిలిచియుండును. మా వాడు ఆనాడు మరియొక పని చేసెను. అదియే తరువాత బండిని కాచినది. పాత పెట్టె బ్రతికి మాటాడుచుండగనే స్కానరుతో దానిలోని ఛాసిస్ సంఖ్యను, సాఫ్ట్‌వేరు సంఖ్యను, బండి వివరముల అమరికను చదివి ఒక నోటుపుస్తకములో వ్రాసికొనెను. డీజిలు ఇంజెక్టర్ల నెత్తిన అక్షరములు, అంకెలు కలిసిన సంకేత మొకటి యుండును. ఏ రెండు ఇంజెక్టర్లును సరిగా ఒకే కొలత చిమ్మవు గనుక ఆ తేడాను పెట్టెకు తెలుపునది ఆ సంకేతమే. నాలుగు సిలిండర్ల సంకేతములను వరుస తప్పక వ్రాసెను. ఛాసిస్ సంఖ్య వ్రాయునప్పుడు ఒక చిన్న సంగతి: దానిలో ఐ, ఓ, క్యూ అను ఇంగ్లీషు అక్షరములు ఎన్నడు నుండవు. ఒకటి, సున్న అంకెలతో పొరబడకుండుటకై వానిని తొలగించిరి.

నాలుగు నెలలకు పెట్టె లోపలి పలకకు కూడ తేమ సోకి అది నిజముగనే చచ్చినది. ఈసారి పరీక్షలన్నియు చేసిన పిమ్మటనే క్రొత్తదానికి ఆర్డరు పెట్టిరి. పెట్టెపై చీటీలో రెండు సంఖ్యలుండును. ఒకటి యంత్రభాగమునది, రెండవది సాఫ్ట్‌వేరుది. బయటి ఆకారము, కనెక్టరు ఒకటే యైనంత మాత్రాన ఒకే పెట్టె కాదు. చివరి అక్షరము తేడాయైనను వేరొక ఇంజనునకు చెందినదై యుండవచ్చును. క్రొత్తది కొనుటకు ముందు పాతది ఏల చచ్చినదో తేల్చుకొనవలెను. ఇగ్నిషన్ కాయిలో, సోలినాయిడో షార్టయి పాతదానిని కాల్చియున్నచో అదే షార్టు క్రొత్తదానిని కూడ నిమిషములో కాల్చును.

విప్పుట, బిగించుట సులభము. తాళము తీసి, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, కొన్ని నిమిషము లాగి కనెక్టరు లీవరును ఎత్తవలెను. కరెంటు ఉండగా కనెక్టరును లాగరాదు, పిన్నులను వ్రేళ్ళతో తాకరాదు. బండికి ఆర్కు వెల్డింగు చేయించు వారు కూడ ముందు బ్యాటరీని, ఈ పెట్టెను విడదీయించిన మంచిది. ఆ జాగ్రత్త మన రోడ్డు ప్రక్క షెడ్లలో చాల తక్కువ.

ప్రోగ్రామింగు సమయమున ముఖ్యమైనది స్థిరమైన వోల్టేజి. నిండుగా చార్జియైన బ్యాటరీ విశ్రాంతిలో సుమారు 12.6 వోల్టులు చూపును. సాఫ్ట్‌వేరు ఎక్కించునప్పుడు తాళము ఆన్‌లో నుండి, ఫ్యాను తిరిగి, వోల్టేజి క్రమముగా పడిపోవును. సగములో పడినచో పెట్టె అరకొర జ్ఞాపకముతో మిగిలి, కొన్ని సమయములలో మరల లేవదు. అందుచేత వోల్టేజిని నిలుపు సప్లై యంత్రమును బ్యాటరీకి తగిలించి, లైట్లు, రేడియో ఆర్పి, ల్యాప్‌టాప్‌ను కూడ చార్జరుపై నుంచి పని ప్రారంభింపవలెను. వోల్టేజిని చక్కగా నిలుపని మామూలు చార్జరును నమ్మరాదు. కరెంటుకోత వేళ ఈ పని పెట్టుకొనరాదని వేరుగా చెప్పనక్కరలేదు. పని ముగియువరకు తాళమును ముట్టరాదు, తలుపులు తీసి మూయరాదు. బ్యాటరీలకు పేరుపడిన అమరరాజా కర్మాగారము మన రేణిగుంట దాపున కరకంబాడిలోనే యున్నది; శ్రీసిటీలో 2016 నుండి ఇసుజు బండ్లు, పెనుకొండ దగ్గర 2019 నుండి కియా కార్లు తయారగుచున్నవి. బండ్లు మన సీమలోనే పుట్టుచున్నను వానిని బాగుచేయు విద్య మన భాషలోనికి రాకుండుట మమ్ము బాధించు సంగతి.

సాఫ్ట్‌వేరు ఎక్కిన పిదప ఛాసిస్ సంఖ్యను వ్రాయవలెను. కొన్ని పెట్టెలు దానిని ఒక్కసారియే వ్రాయనిచ్చును గనుక ఆర్.సి. పుస్తకము ప్రక్కన పెట్టుకొని, ఒకరు చదువగా ఒకరు సరిచూడవలెను. ఆపైన బండి అమరికలు, ఇంజెక్టరు సంకేతములు ఎక్కింపవలెను.

ఇప్పుడు తాళపుచెవి సంగతి. చెవి ప్లాస్టిక్ తలలో బ్యాటరీ అవసరము లేని ఒక చిన్న చిప్పు కలదు. తాళపు చుట్టునున్న తీగచుట్ట దానిని మేల్కొలిపి “నీ వెవరవు?” అని అడుగును. చిప్పు ఇచ్చిన జవాబు తన జ్ఞాపకములోని రహస్యముతో సరిపోయిననే ఇమ్మొబిలైజరు ఇంజను నడపుటకు ఇ.సి.యం.ను అనుమతించును. ఆ ఇద్దరికిని కూడ తమలో తమకు ఒక రహస్యము కలదు. పరాయి కారు పెట్టెను తెచ్చి తగిలించినచో ఆ రహస్యము కలియదు. కావుననే మొదటినాడు ఇంజను క్షణము నడిచి ఆగినది, దీపము మినుకుమన్నది. పెట్టె చెడినది కాదు, తన యజమాని కాని వానికి తలుపు తీయలేదు. క్రొత్త పెట్టెకు ఈ పరిచయము చేయుటకు ఆ కారు రహస్య పిన్ నంబరు కావలెను. ఇంటనున్న చెవులన్నియు ఆ సమయమున తేవలెను; కొన్ని బండ్లలో ఎదుట లేని చెవిని పెట్టె మరచిపోవును.

ఆ నంబరు ఎవరి చేతిలో నున్నదనునదే నేటి షెడ్డు కుర్రవాని అన్నపు ప్రశ్న. అది కంపెనీ వారి వద్దను, వారి అధీకృత వర్క్‌షాపుల వద్దను ఉన్నది. ఇటీవలి బండ్లలోనైతే ఇంటర్నెట్టు ద్వారా కంపెనీ అనుమతి రానిదే పని కదలనివి పెక్కు. 2011లో శంశేర్ కటారియా అను నతడు కాంపిటిషన్ కమిషన్‌కు ఫిర్యాదు చేయగా, విడిభాగములను, పరీక్షాసాధనములను బయటి మెకానిక్కులకు అందనీయకుండుట తప్పని 2014 ఆగస్టు 25న కమిషన్ తీర్పు చెప్పి, పదునాలుగు కార్ల కంపెనీలపై 2,500 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించినది. కంపెనీలు అప్పీళ్ళకు పోయినవి. ఐరోపా సమాఖ్య 2007లోనే మరమ్మతు సమాచారమును బయటి మెకానిక్కులకును ఈయవలెనని నియమము చేసినది. మన కేంద్రప్రభుత్వము 2022 జూలైలో మరమ్మతు హక్కుపై ఒక సంఘమును నియమించి, అదే డిసెంబరులో ఒక పోర్టల్‌ను ప్రారంభించినది. మోటారు వాహనములును దాని పరిధిలోనివే. కంపెనీల వాదములో సత్యమే లేదని మేము చెప్పము. తాళము లేని పెట్టె దొంగకు కూడ తెరచియే యుండును. ఢిల్లీ ప్రాంతమున మారుతి ఈకో వ్యానులనుండి ఇ.సి.యం.లను ఊడబెరికికొని పోవు దొంగతనములు పత్రికలకెక్కినవి. కాని దొంగను ఆపు తాళము పనివానిని కూడ ఆపవలసిన అవసరము లేదు. ఆర్.సి., యజమాని గుర్తింపు చూపి, పేరు నమోదు చేసికొని నంబరు పొందు పద్ధతి ఉండవచ్చునని మా అభిప్రాయము.

ఈ టాక్సీ విషయమున మా వాడు పరీక్షలు, తీగలపని, బిగింపు తానే చేసెను. నంబరు పని మాత్రము అధీకృత వర్క్‌షాపునుండి వచ్చిన మనిషి ల్యాప్‌టాప్‌తో చేసెను. వ్రాసిపెట్టిన వివరములన్నియు సిద్ధముగ నుండుటచే ఆ పని పూటలో ముగిసినది. మొదటిసారి పదిహేను దినములు నిలిచిన బండి ఈసారి పెట్టె వచ్చిననాడే రోడ్డెక్కినది.

ఎక్కిన వెంటనే యాత్రికులను కూర్చుండబెట్టరాదు. పాత తప్పుల సంకేతములను తుడిచి, ఇంజను బాగుగ వేడెక్కువరకు ఖాళీగా నడుపవలెను. పెట్రోలు బండియైనచో థ్రాటిల్ మూసిన స్థానమును, ఐడిలింగును క్రొత్త పెట్టె నేర్చుకొనవలెను. డీజిలు బండి ఇంజెక్టర్ల సన్నని సవరణలను నేర్చుకొనును. ఆ నేర్పు ముగియువరకు ఇంజను కొంచెము తడబడిన కంగారుపడవలదు. వేర్వేరు వేగములలో నడిపి తెచ్చి స్కానరు మరల తగిలించి, సంకేతములు తిరిగి రాలేదని చూచి, పొగ పరీక్ష చేయించిననే పని పూర్తియైనట్లు. మా వాడు పుత్తూరు వరకు పోయి వచ్చెను. పెద్దాయన ప్రక్కసీటులో, మేము వెనుక.

తిరిగి వచ్చిన పిదప అతడు తన నోటుపుస్తకము తీసి ఆ కారు పుటలో క్రొత్త పెట్టె సంఖ్యను చేర్చెను. వివరములు ఉర్దూలో కుడినుండి ఎడమకును, సంఖ్యలు ఎడమనుండి కుడికిని, తీగల రంగులు తెలుగులోను వ్రాసికొని యున్నాడు. అటువంటి పుటలు అప్పటికి నలుబదికి పైగా నుండెను. ఎయిర్‌బ్యాగు మాడ్యూలుకు కూడ ఇట్లే ఒక పాఠము కావలెనని అడిగెను. అది ప్రాణములతో కూడిన పని గనుక, ముందు మేము నేర్చుకొని వచ్చెదమని చెప్పితిమి.